అర్జీ ఎవరి బల్లమీదికి? – గొగోల్ ‘ఓవర్‌కోటు’ గురించి
ఉద్యోగ జీవితం మీద మన భాషలో కథలకు కొదవలేదు. ఆఫీసరు గుమాస్తాను నలుగురిలో తిట్టడం, గుమాస్తా ఆ కోపాన్ని ఇంట్లో భార్య మీద వెళ్ళగక్కడం, చివరికొకనాడు రాజీనామా కాగితం బల్లమీద విసిరికొట్టడం – ఈ వరస పాఠకులకు పరిచితమే. ఆ మర్నాడు ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందో సాధారణంగా కథకుడు చెప్పడు. రాజీనామాకు ముందు రావలసిన దశను కూడా దాటేస్తాడు. అవమానపడ్డ మనిషి న్యాయం కోసం కాగితం పట్టుకుని పైవాడి దగ్గరికి వెళితే ఏమవుతుంది?

1842లో వెలువడిన ‘ఓవర్‌కోటు’లో గొగోల్ ఈ దశ మీదనే చూపు నిలిపాడు. ఆ కథను అల్పజీవి మీద జాలికథగా చదవడం మనకు అలవాటు. ఫిర్యాదు కథగా చదివితే దాని పదును తెలుస్తుంది.

అకాకీ అకాకియెవిచ్ పీటర్స్‌బర్గులో నకళ్ళు రాసే గుమాస్తా. ఏడాదికి నాలుగు వందల రూబుళ్ళ జీతగాడు. కడుపు కట్టుకుని కుట్టించుకున్న కోటు, తొడుక్కున్న మొదటి రాత్రే దొంగల పాలవుతుంది. పోలీసు అధికారి దగ్గరికి వెళితే, అంత రాత్రివేళ ఎక్కడ తిరిగావు, ఏ పాడు కొంపకైనా పోయావా అని ఎదురు ప్రశ్న. ఫిర్యాదుదారు క్షణంలో ముద్దాయి అయ్యాడు. విచారణల పేరుతో మన కార్యాలయాల్లో జరిగే తతంగం ఎరిగినవారికి ఇది కొత్త కాదు.

తర్వాత ఒక ‘ముఖ్యమైన వ్యక్తి’ దగ్గరికి వెళతాడు. గొగోల్ ఆయనకు పేరు పెట్టలేదు. హోదాయే ఆయన పేరు. పదవి రావడానికి వారం ముందు అద్దం ముందు నిలబడి గద్దింపు సాధన చేసిన మనిషి ఆయన. స్వతహాగా దుర్మార్గుడు కాడు. సమానుల మధ్య మామూలు మనిషే. తనకంటే ఒక్క మెట్టు కిందివాడు కనిపిస్తే మాత్రం ఎలా మాట్లాడాలో తెలియదు. ఆ రోజు పాత స్నేహితుడు గదిలో ఉన్నాడు కనుక, అతని ఎదుట తన ప్రతాపం చూపించాలి. అర్జీ ముందు ఆఫీసులో ఇవ్వాలి, అది గుమాస్తాకు, సెక్షను అధిపతికి, కార్యదర్శికి చేరి, ఆపైన తన దగ్గరికి రావాలి – ఇదీ ఆయన ఆగ్రహానికి పైకి చెప్పిన కారణం. దౌర్జన్యాన్ని వ్యక్తి స్వభావంగా కాక హోదా స్వభావంగా చూపడం ఈ కథ సాధించిన గొప్ప విజయం.

ఈ మెట్లు మనకూ ఉన్నాయి. ‘త్రూ ప్రాపర్ ఛానల్’ అని రాసిన అర్జీ, ఎవరి మీద రాశామో ఆ అధికారి బల్లమీదుగానే పైకి పోవాలి. 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం కింద తయారైన నమూనా నిబంధనలు, యజమాని లేదా అతని ప్రతినిధి అన్యాయంగా ప్రవర్తించినా ఫిర్యాదును మేనేజరుకో, అందుకు నియమించిన మరొకరికో ఇమ్మన్నాయి. అప్పీలు యజమానికి! 2020లో పార్లమెంటు చేసిన పారిశ్రామిక సంబంధాల కోడ్, ఇరవైమందికి తగ్గకుండా పనిచేసే పారిశ్రామిక సంస్థల్లో ఇరుపక్షాలకూ సమాన ప్రాతినిధ్యం గల ఫిర్యాదుల కమిటీ ఉండాలంది. ఇది ముందడుగే. కానీ కమిటీ ముందు సాక్ష్యం చెప్పేదెవరు?

గొగోల్ ఈ ప్రశ్ననూ వదలలేదు. కోటు పోయిన అకాకీ కోసం తోటి గుమాస్తాలు చందా వేసుకుంటే పెద్దగా ఏమీ రాలలేదు. అప్పటికే డైరెక్టరు చిత్రపటానికీ, పై అధికారి సిఫారసు చేసిన పుస్తకానికీ డబ్బు సమర్పించుకున్నారు! ఒకడు మాత్రం ఫలానా వారిని కలవమని సలహా చెప్పాడు. వెంట నడిచినవాడు లేడు. ఈ చిన్న వివరం కథ మొత్తానికి కీలకమని నా అభిప్రాయం.

1861లో చెర్నిషెవ్‌స్కీ, జాలి కోసం గొగోల్ అకాకీ లోపాలను కప్పిపుచ్చాడని విమర్శించాడు. ఆ విమర్శలో సత్యముంది కానీ, లోపాన్ని చూపే ఘట్టం కథలోనే ఉంది. ఒకసారి అకాకీకి నకలు కాక, ఉత్తమ పురుషలోని క్రియలను ప్రథమ పురుషలోకి మార్చే పని ఇస్తారు. చెమటలు పట్టి, నకలే ఇప్పించమని బతిమాలుకుంటాడు. ఇతరుల వాక్యాలు ముత్యాల్లా రాసేవాడికి సొంతంగా ఒక వాక్యం పూర్తిచేయడం రాదు. ఫిర్యాదుకు కావలసింది ఆ సొంత వాక్యమే: ఫలానా తేదీన, ఫలానా వారి ఎదుట, నన్ను ఈ మాట అన్నారు. ‘తమరు దయతలచి’ అని మొదలెట్టే మన అర్జీ భాష ఆ వాక్యాన్ని పుట్టకముందే చంపేస్తుంది.

అకాకీ జ్వరంతో చచ్చిపోయి, దయ్యమై వచ్చి ముఖ్యమైన వ్యక్తి కోటు లాక్కుంటాడు. ఆ తర్వాత ఆయన గద్దింపులు కొంత తగ్గాయట. బతికుండగా దొరకని న్యాయాన్ని రచయిత దయ్యం చేత ఇప్పించాడు. 1842 నాటి రష్యాలో అంతకుమించి ఊహించలేకపోవడం గొగోల్ తప్పు కాదు. మన కథల్లో రాజీనామా విసిరే నాయకుడు కూడా ఆ దయ్యం వంటివాడే. పాఠకుడి కోపం చల్లారుస్తాడు, ఆఫీసును మార్చడు.

మన కథకులు రాయవలసిన కథ ఒకటి మిగిలే ఉంది. అందులో ఒక గుమాస్తా తన వాక్యం తాను రాస్తాడు. పక్క బల్ల మనిషి తన ప్రమోషను, పిల్లల ఫీజులు లెక్కవేసుకుని, భయపడుతూనే, కింద సాక్షిగా సంతకం చేస్తాడు. ఆ సంతకానికి ముందు జరిగే ఘర్షణే కథావస్తువు.