పైట, కొంగు: స్త్రీవాద కవిత్వంలో స్త్రీ ఎవరు?

లక్ష్యాలు
ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు తెలుగు స్త్రీవాద కవిత్వం లేవనెత్తిన ముఖ్యమైన ప్రశ్నలను గుర్తించగలుగుతారు. దళిత స్త్రీల కవిత్వం ఆ ప్రశ్నలను ఎలా మార్చిందో వివరించగలుగుతారు. ఒకే వస్తువు మీద వచ్చిన రెండు కవితలను పోల్చి విమర్శ రాయగలుగుతారు.

1. పరిచయం

ఈ పాఠాన్ని ఒక ప్రశ్నతో మొదలుపెడుతున్నాను. ఆ ప్రశ్న నాది కాదు, మీలాంటి ఒక విద్యార్థినిది. కొన్నేళ్ల కిందట ఒక ఆదివారం తరగతిలో నేను జయప్రభ రాసిన ‘పైటను తగలెయ్యాలి’ కవితను బోధిస్తున్నాను. పూడూరు మండలం నుంచి వచ్చిన ఒకామె వెనక బెంచీలో కూర్చుని వింటున్నది. ఆమెకు ముప్పై అయిదేళ్లు ఉంటాయి. వారమంతా చేనుపని, ఆదివారం చదువు. పాఠం ముగిశాక ఆమె మెల్లగా లేచి, “మేడమ్, పైట తగలేస్తే మరి కందులు దేంట్ల మూట కట్టుకోవాలె?” అని అడిగింది. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికి వెళ్లాక మాత్రం నాకు నవ్వు రాలేదు.
ఆమె కవితను అపార్థం చేసుకోలేదు. ఆ కవితలోని స్త్రీ తాను కాదని గ్రహించి, ఆ మాటే అడిగింది. ‘స్త్రీ’ అనే ఒక్క మాటలో ఎవరెవరిని చేర్చుకుంటున్నాం, ఎవరిని గడప బయట నిలబెడుతున్నాం? ఈ పాఠం సారమంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

2. పైట: బరువుగా మారిన వస్త్రం
తెలుగులో స్త్రీవాద కవిత్వం 1980లలో బలపడింది. సావిత్రి ‘బందిపోట్లు’ 1984లో వచ్చింది. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూం’, పాటిబండ్ల రజని ‘అబార్షన్ స్టేట్‌మెంట్’, విమల ‘వంటిల్లు’ అంతవరకు కవితా వస్తువులుగా ఎవరూ అంగీకరించని అనుభవాలను కవిత్వంలోకి తెచ్చాయి. ‘గురిచూసి పాడేపాట’, ఆ తరవాత 1993లో ఓల్గా సంపాదకత్వంలో వచ్చిన ‘నీలిమేఘాలు’ సంకలనాలు ఈ కవితలను ఒకచోట చేర్చాయి. ప్రసవం, గర్భస్రావం, వంటపని, వీధిలో మగవాడి చూపు: ఇవన్నీ ‘సొంత గోడు’ కాదని, సామాజిక సమస్యలేనని ఈ కవయిత్రులు నిరూపించారు.
జయప్రభ కవితలో పైట కేవలం వస్త్రం కాదు. ఆడపిల్ల భుజం మీదికి అది చేరిన నాటి నుంచి ఆమె నడకను, చూపును, ధైర్యాన్ని అదుపు చేసే ఒక సాంస్కృతిక బరువు. తన వ్యక్తిత్వాన్ని అణిచివేసే ఆ బరువును కాల్చెయ్యాలన్నది కవయిత్రి వాదం. ఇక్కడ ‘కాల్చడం’ ప్రతీక అని మీరు మరవకూడదు. కవయిత్రి ధిక్కరిస్తున్నది బట్టను కాదు, బట్టకు అంటగట్టిన సిగ్గును.
ఈ కవిత వచ్చిన కాలంలో నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన అధ్యాపకురాలిని. తరగతిలో నల్లబల్ల వైపు తిరిగిన ప్రతిసారీ పైట సవరించుకోవడం అలవాటు. ఈ కవిత చదివిన రోజున నా గురించే రాసినట్టు అనిపించింది. అది నిజమైన స్పందనే. అయితే నా అనుభవాన్ని ‘స్త్రీలందరి అనుభవం’ అని ఏళ్ల తరబడి బోధించాను. విమర్శకురాలిగా నేను చేసిన పొరపాటు అదే.

3. కొంగు: పనిలో తోడు
పూర్వపు వరంగల్ జిల్లా నుంచి వచ్చిన దళిత కవయిత్రి జూపాక సుభద్ర కొంగు మీద ఒక కవిత రాశారు. తన ఎద మీద కాపలా కాయడం కొంగు పని కాదని ఆమె మొదటే తేల్చి చెబుతారు. శ్రమలో, అలసటలో, దుఃఖంలో వెంట ఉండే నేస్తంగా కొంగును చూపిస్తారు.
ఈ దృష్టి ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే కందులో పత్తో చేతికొచ్చే కాలంలో మా పూడూరు చేల గట్ల మీద ఒక పూట నిలబడండి. ఎండకు నెత్తిన చుట్టుకునేది కొంగే. ఏరిన పత్తిని ఒడికట్టుకునేది కొంగులోనే. చెమట తుడిచేది, నెత్తిన బరువుకు చుట్టకుదురయ్యేది, కూలిడబ్బులు ముడి వేసుకునేది, చెట్టు కింద పిల్లను పడుకోబెట్టేటప్పుడు పరిచేది అదే. పని మొదలయ్యేటప్పుడు ఆమె కొంగును నడుముకు చెక్కుతుంది. సర్దుకుంటూ కూర్చునే తీరిక ఆమెకు లేదు.
మాటల ఎంపికనూ గమనించండి. పైట, కొంగు రెండూ మనకు తెలిసిన మాటలే. ‘పైట’ అనగానే ఎద, సిగ్గు, మర్యాద గుర్తుకొస్తాయి. ‘కొంగు’ అనగానే నడుము, మూట, ముడి గుర్తుకొస్తాయి. సుభద్ర తెలంగాణ పలుకుబడిలో రాయడం అలంకారం కోసం కాదు. ఆ జీవితం ఆ పలుకుబడిలోనే ఉంది.

4. రెండు కవితలను పోల్చే పద్ధతి
పరీక్షలో చాలామంది ‘జయప్రభ పొరపాటు, సుభద్ర ఒప్పు’ అనో, దానికి తలకిందులుగానో రాస్తారు. ఈ రెండూ తొందరపాటు తీర్పులు. మూడు విషయాలు గుర్తుంచుకోండి.
మొదటిది, పైట కవిత అబద్ధం కాదు. అది కొందరి నిజం. సిగ్గును స్త్రీ దేహానికి కాపలాగా పెట్టిన కుటుంబాలలో అది ఇప్పటికీ అవసరమైన కవితే. చేనుకు వెళ్లే అమ్మాయికి కూడా బస్టాండులో ఆ కాపలా ఎదురవుతూనే ఉంటుంది.
రెండోది, కొంగు కవిత శ్రమను పండగగా చూపడం లేదు. దళిత స్త్రీకి పితృస్వామ్యం బాధ లేదని కూడా అనడం లేదు. ఆమె మీద కులం, కూలి, మగపెత్తనం మూడూ ఒకేసారి పనిచేస్తాయి. ఒక్క మగపెత్తనం గురించే మాట్లాడితే ఆమె కథలో మూడింట రెండు వంతులు చెప్పకుండా మిగిలిపోతుంది.
మూడోది, ఒకే వస్త్రానికి చరిత్రలో ఒకే అర్థం ఉండదు. తిరువాన్కూరు సంస్థానంలో నాడార్ స్త్రీలు ఒంటి పై భాగాన్ని కప్పుకునే హక్కు కోసం 19వ శతాబ్దంలో దశాబ్దాల పాటు పోరాడారు, దెబ్బలు తిన్నారు. 1859లో సంస్థానం ప్రకటనతో ఆ హక్కు దక్కింది. అప్పుడు కూడా పై కులాల స్త్రీల పద్ధతిలో కప్పుకోరాదన్న షరతు పెట్టారు. ఒకరికి బరువైన పైట మరొకరికి పోరాడి తెచ్చుకున్న గౌరవం. వస్త్రం అర్థాన్ని నిర్ణయించేది దాన్ని కట్టుకున్న మనిషి సామాజిక స్థానం.
విమల ‘వంటిల్లు’ కవితకు కూడా ఈ పద్ధతి పనికొస్తుంది. ఇంటి చాకిరీకి స్త్రీని కట్టిపడేసే గదిగా వంటిల్లును ఆ కవిత బలంగా చూపింది. ఇంట్లో వంటకు వేరే గదే లేని స్త్రీ, తెల్లవారకముందే వాకిట్లో పొయ్యి రాజేసి కూలికి పోయే స్త్రీ, ఆ కవితను ఎలా చదువుకుంటుంది? ఈ ప్రశ్న వేస్తే కవిత చిన్నదైపోదు. చదివేవారి చూపు పెద్దదవుతుంది.

5. మన ప్రాంతపు గొంతు
ఈ చర్చ ఎక్కడో నగరంలో జరిగిందని అనుకోకండి. దళిత స్త్రీల రచనలను ‘నల్లపొద్దు’ పేరుతో సంకలనం చేసిన గోగు శ్యామల తాండూరు ప్రాంతంలోని పెద్దేముల్‌లో పుట్టారు. పూడూరు, పెద్దేముల్ రెండూ నేడు వికారాబాద్ జిల్లాలోని మండలాలే. మాదిగ, దాని ఉపకులాల స్త్రీల కథలను ఆమె, జూపాక సుభద్ర కలిసి ‘నల్లరేగడి సాల్లు’గా తెచ్చారు. మన కందిచేల నల్లరేగడి ఆ విధంగా ఒక సాహిత్య సంకలనానికి పేరైంది.
శ్యామల కథా సంపుటి పేరు ‘ఏనుగంత తండ్రికన్నా ఏకుల బుట్టంత తల్లి నయం’. ఏకులంటే వడకడానికి చుట్టిపెట్టిన దూది. బరువులేని ఆ బుట్టను ఏనుగు పక్కన పెట్టి, తల్లే మేలని తేల్చింది ఒక సామెత. ఏ విశ్వవిద్యాలయమూ నేర్పకముందే పల్లె నోట ఈ విమర్శ ఉంది.

6. సారాంశం
ఆమోదం అంటే సర్దుకుపోవడం కాదు. ఎదుటివారి అనుభవాన్ని మన అనుభవంతో సమానమైన సాక్ష్యంగా స్వీకరించడం. తొలి స్త్రీవాద కవిత్వం పురుషుల సాహిత్యం నుంచి ఆ ఆమోదాన్ని డిమాండు చేసింది. దళిత, ముస్లిం కవయిత్రులు అదే ఆమోదాన్ని స్త్రీవాదం నుంచి డిమాండు చేశారు. మొదటి పోరాటం లేకపోతే రెండోది ఇంత సూటిగా వినబడేది కాదు. రెండోది రాకపోతే మొదటిది సగంలో ఆగిపోయేది.
ఆ రోజు వెనక బెంచీ నుంచి ప్రశ్న అడిగిన విద్యార్థిని తన పరీక్షలో ఆ మాట రాసిందో లేదో నాకు తెలియదు. రాయలేదేమోనని నా భయం. నవ్విన తరగతిలో మళ్లీ నోరు తెరవడం తేలిక కాదు. అందుకే మీకు చెబుతున్నాను. కవితలో మీరు కనిపించకపోతే అది మీ అజ్ఞానం అనుకోకండి. మీరు ఎందుకు కనిపించడం లేదో కారణాలతో రాయండి. మీ ఊరి మాట అవసరమైన చోట దానితోనే రాయండి. అది కూడా విమర్శే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. పైట, కొంగు అనే రెండు మాటలు పాఠకుడిలో కలిగించే భావాల మధ్య తేడాను అయిదారు వాక్యాలలో వివరించండి.
2. ముస్లిం కవయిత్రి షాజహానా తన కవితా సంపుటికి ‘నఖాబ్’ అని పేరు పెట్టారు. వస్త్రానికి ఒకే అర్థం ఉండదన్న పై చర్చ ఆధారంగా, ఆ సంపుటిని చదివే ముందు మీరు ఏ ప్రశ్నలు వేసుకుంటారో రాయండి.
3. మీ ఇంట్లో లేదా మీ ఊర్లో పనిచేసే ఒక స్త్రీతో మాట్లాడండి. ఆమె కొంగు ఒక రోజులో ఎన్ని పనులు చేస్తుందో అడిగి, ఆమె మాటల్లోనే రాసుకోండి. ఆ తరవాత జయప్రభ, సుభద్రల కవితలను మళ్లీ చదవండి.