ప్రేయసి కోసం కట్టిన నగరమేనా?

హైదరాబాదు గురించి ఏ పుస్తకం తెరిచినా, ఏ గైడు మాటలు విన్నా ముగ్గురు స్త్రీలు తప్పకుండా ఎదురవుతారు. చార్మినారు దగ్గర భాగమతి, ఇబ్రహీంబాగ్ బారాదరి దగ్గర తారామతి, కోఠీ రెసిడెన్సీ దగ్గర ఖైరున్నీసా. ముగ్గురి కథా దాదాపు ఒక్కటే. ఒక మగవాడు ప్రేమించాడు, ఆ ప్రేమకు గుర్తుగా ఒక కట్టడమో, ఏకంగా ఒక నగరమో వెలిసింది. వినడానికి హాయిగా ఉండే కథలు. పర్యాటక శాఖకూ పనికొచ్చే కథలు. పాత కట్టడాలను కాపాడుకోవాలనే మాట ఎత్తినప్పుడు కూడా మనం వీటినే ముందు పెడుతున్నాం. కట్టడానికి 'కారణం'గా గుర్తుండిపోయిన స్త్రీ, దాన్ని కట్టించిన మనిషిగా, రాళ్ళు మోసిన మనిషిగా, అందులో బతికిన మనిషిగా ఎందుకు గుర్తుండటం లేదు? ఇది సాహిత్య విమర్శ అడగాల్సిన ప్రశ్నే. ఎందుకంటే సున్నం, రాయి ఎంత ముఖ్యమో, వాటి చుట్టూ అల్లిన కథనమూ అంతే ముఖ్యం. ఏ కట్టడం నిలవాలో, ఏది కూలాలో చాలాసార్లు తేల్చేది ఆ కథనమే.

భాగమతి సంగతే చూడండి. 1591లో పుట్టిన ఈ నగరానికి ఆమె పేరు పెట్టారా, అసలు అలాంటి స్త్రీ ఉందా అన్నదానిమీద చరిత్రకారులు దశాబ్దాలపాటు వాదించుకున్నారు. హెచ్.కె.షేర్వానీ లేదన్నారు. నరేంద్ర లూథర్ ఉందన్నారు. ఆ చర్చకు ఖర్చయిన సిరాలో పదోవంతైనా హయత్‌బక్షీ బేగంకి దక్కిందా? ఆమె ఉనికి గురించి ఎవరికీ అనుమానం లేదు. కులీకుతుబ్‌షా కూతురు, ఆ తర్వాతి సుల్తానుకి భార్య, ఆపై సుల్తాను అబ్దుల్లాకి తల్లి. 1626లో చిన్నవయసులో కొడుకు గద్దెనెక్కినప్పుడు రాజ్యవ్యవహారాలు నడిపింది. కుతుబ్‌షాహీ సమాధుల్లో ఆమె సమాధి రాజుల సమాధులకి ఏమాత్రం తీసిపోదు. ఆమె పేరుమీద వెలిసిన హయత్‌నగర్‌లో మసీదు ఇంకా నిలిచే ఉంది. అయినా విజయవాడ బస్సెక్కే మనలో చాలామందికి హయత్‌నగర్ ఒక స్టాపు పేరు మాత్రమే. ఉందో లేదో తెలియని ప్రేయసిమీద ఉన్నంత ఆసక్తి, ఉండి పాలించిన స్త్రీమీద లేదు.

మౌలాలి గుట్ట అడుగున ఉన్న సమాధిది ఇంకా విచిత్రమైన కథ. 1792లో మహ్‌లఖా బాయి చందా తన తల్లి రాజ్‌కున్వర్ బాయి కోసం దాన్ని కట్టించింది. 1824లో ఆమెనూ అక్కడే ఖననం చేశారు. ఉర్దూ గజళ్ళ దివాన్ తెచ్చిన తొలి కవయిత్రుల్లో ఆమె ఒకరు. నిజాం దర్బారులో స్థానం, సొంత జాగీరు ఉన్న స్త్రీ. భర్త భార్యకీ, కొడుకు తండ్రికీ కట్టించిన స్మారకాలు ఈ దేశంలో కోకొల్లలు. కూతురు తల్లికి కట్టించినవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి చూడండి. ఇదీ ప్రేమకథే. కానీ ఇందులో ప్రియుడు లేడు. పైగా ఆమె తవాయిఫ్, పెళ్ళి చేసుకోలేదు. అందుకే గైడ్ల నోటికి ఈ కథ ఎక్కలేదు.

ఇక్కడ ఒక క్రమాన్ని గమనించాలి. 1991లో సూసీ తారూ, కె.లలితల సంపాదకత్వంలో వెలువడిన 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' మొదటి సంపుటంలో మహ్‌లఖా కనిపిస్తుంది. ఆమె కట్టించిన సమాధికి అమెరికా ప్రభుత్వ నిధులతో మరమ్మతులు జరిగింది 2010లో. ఆమె గజళ్ళను స్త్రీవాదులు చదివి, అనువదించి, ముందుకు తెచ్చిన దాదాపు ఇరవై ఏళ్ళకు ఆమె గోడలమీద పనివాళ్ళ చెయ్యి పడింది. ఈ రెండో పని మొదటిదానివల్లే జరిగిందని నేను అనను. అయితే ఒక స్త్రీ రాతను కాపాడటానికీ, ఆమె కట్టిన రాతిని కాపాడటానికీ మధ్య దారి ఉందని మాత్రం ఇది చెబుతోంది.

ఇక కోఠీ. ఆ పేరే రెసిడెన్సీ కోఠీ నుంచి వచ్చింది. బ్రిటిష్ రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ నిజాం డబ్బుతో 1803 ప్రాంతంలో కట్టడం మొదలుపెట్టిన భవనం అది. నిలువెత్తు స్తంభాలు, మెట్లకి అటూ ఇటూ సింహాలు, ముఖభాగాన ఈస్టిండియా కంపెనీ చిహ్నం. 2002లో విలియం డాల్‌రింపుల్ రాసిన 'వైట్ మొఘల్స్' వచ్చాక కిర్క్‌పాట్రిక్, ఖైరున్నీసాల ప్రేమ ప్రపంచమంతా తెలిసింది. భవనానికి ఆ పుస్తకం మేలే చేసింది. కానీ మన నోళ్ళలో ఆ కథ ఎక్కడ ఆగిపోతోందో చూడండి. 1805లో పిల్లలిద్దరినీ ఇంగ్లండు పంపేశారు. అదే ఏడాది కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. అప్పటికి ఆమెకి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. తర్వాత ఆమె జీవితంలోకి వచ్చిన హెన్రీ రసెల్ అనే మరో కంపెనీ అధికారి ఆమెను వదిలేశాడు. హైదరాబాదుకి తిరిగి రానివ్వక కొన్నేళ్ళు బందరులో ఉంచారు. పిల్లల్ని మళ్ళీ చూడకుండానే 1813లో, ముప్ఫై నిండకుండా చనిపోయింది. 1840లలో ఆమె తల్లి షరఫున్నీసాకీ, ఇంగ్లండులో పెరిగిన మనవరాలు కిట్టీకీ మధ్య ఉత్తరాలు నడిచాయి. అమ్మమ్మా మనవరాళ్ళ ఈ ఉత్తరాలకు గైడు కథలో చోటు లేదు.

భవనం కూడా అలాగే మిగిలింది. ఖైరున్నీసా ఉన్న జెనానా 'రంగ్‌మహల్'ని పందొమ్మిదో శతాబ్దపు మధ్యకాలంలో కూల్చేశారు. విక్టోరియా కాలపు దొరలకి అది 'నేటివు' నీతిలేనితనానికి గుర్తుగా కనిపించింది. దర్బారు హాలు నిలిచింది. రంగ్‌మహల్ ద్వారం, రెసిడెన్సీకి చేసిన చిన్న నమూనా మిగిలాయి. పరదాలో ఉన్న భార్య భవనం ముందుభాగాన్ని చూడలేదు కాబట్టి ఆమెకోసం ఆ నమూనా చేయించాడని చెప్పుకుంటారు. అంటే ఆమె బతికిన ఇల్లు లేదు, ఆమెకి చూపించడానికి చేసిన బొమ్మ ఇల్లు ఉంది. మన వారసత్వ కట్టడాల్లో స్త్రీల స్థానం ఏమిటని అడిగితే నేను ఆ బొమ్మ ఇంటినే చూపిస్తాను.

అయితే ఆ ఆవరణ చరిత్ర అక్కడితో ఆగలేదు. 1924లో మొదలైన ఉస్మానియా మహిళా కళాశాల 1949లో రెసిడెన్సీలోకి వచ్చింది. కిర్క్‌పాట్రిక్ హైదరాబాదులో రెసిడెంటుగా ఉన్నది ఎనిమిదేళ్ళలోపే. ఆడపిల్లలు అక్కడ చదువుతున్నది డెబ్భై అయిదేళ్ళు దాటింది. కంపెనీ చిహ్నం కింద, సింహాల మధ్య మెట్లెక్కి, ఇంట్లో మొదటిసారిగా కాలేజీ మొహం చూసిన ఆడపిల్లలు తరతరాలుగా తరగతులకి వెళ్ళారు. జిల్లాలనుంచి వచ్చి హాస్టళ్ళలో ఉండి చదివారు. ఈ పేజీలు చదువుతున్నవారిలోనే వాళ్ళు చాలామంది ఉంటారు. ఆ భవనం ఖాళీగా పడి ఉంటే ఏమయ్యేదో నగరంలోని ఎన్నో దేవిడీల గతి చూస్తే తెలుస్తుంది. కాలేజీ ఉండటంవల్లే అది నిలిచిందని నా వాదన. అయినా నేను తరచు వినే మాట మాత్రం, కాలేజీ పెట్టి భవనాన్ని పాడుచేశారని! నిధులివ్వని ప్రభుత్వాల తప్పు చదువుకున్న ఆడపిల్లల నెత్తిన పడుతోంది.

2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో ఈ కళాశాలను చేర్చింది. ఆ సంస్థ సాయంతో జరిగిన మరమ్మతుల్లో దర్బారు హాలు మళ్ళీ మెరిసింది. సంతోషమే. 2022లో కళాశాల మహిళా విశ్వవిద్యాలయమైంది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పాలకుర్తిలో తన పంటకోసం దొరమీద తిరగబడిన స్త్రీ పేరు, దొరల దొర కట్టుకున్న కోఠీకి వచ్చింది. ఈ పేరుకి న్యాయం జరగాలంటే ఆ భవనం గురించి చెప్పే కథ కూడా మారాలి. అక్కడ చదివిన, పాఠాలు చెప్పిన, ఊడ్చిన, వంటచేసిన స్త్రీల చరిత్ర దర్బారు హాలు చరిత్రకి కింద చివరి వాక్యంగా మిగలకూడదు.

ఇంకో సంగతి. పాత కట్టడాలను బాగుచేయడానికి ఇప్పుడు సిమెంటు పనికిరాదని, గానుగ సున్నమే కావాలని నిపుణులు అంటారు. ఆ సున్నపు తట్టలు మోసేది ఎవరు? రాతిపని తరతరాలుగా చేసిన వడ్డెర కుటుంబాల స్త్రీలు, పాలమూరునుంచి వలసవచ్చిన స్త్రీలు ఈ నగరాన్ని తలమీద మోశారు. శిలాఫలకంమీద మంత్రి పేరుంటుంది, ఇంజనీరు పేరుంటుంది. పైసా తక్కువ కూలికి తట్ట మోసినావిడ పేరు ఏ తరంలోనూ లేదు.

కూలిపోయిన జెనానాలను ఎక్కడ వెతకాలి? నాకు తెలిసిన జవాబు సాహిత్యం. జీనత్ ఫతేహల్లీ ఇంగ్లీషు నవల 'జోహ్రా' (1951), జీలానీ బానో ఉర్దూ నవల 'ఐవానె గజల్' (1976) చదివితే హవేలీ లోపలివైపు కనిపిస్తుంది. ఎవరికి ఏ గది, ఎవరి గొంతు ఏ గుమ్మందాకా వినబడాలి, పెళ్ళీ ఆస్తీ ఎవరి చేతుల్లో ఉన్నాయి, ఇవన్నీ ఏ వాస్తుశిల్పి గీసిన పటంలోనూ ఉండవు. ముఖ్యంగా జీలానీ బానో హవేలీ పతనాన్ని చూసి కన్నీళ్ళు పెట్టుకోదు. ఆ గోడలు ఎవరి బతుకుల్ని మింగాయో చెబుతుంది. పాత కట్టడాలమీద ప్రేమ ఉన్న మనకి ఈ జాగ్రత్త అవసరం. భవనాన్ని నిలబెట్టాలనుకోవడం, అది నిలబెట్టిన అధికారాన్ని మెచ్చుకోవడం ఒకటి కాకూడదు.

చట్టాల సంగతీ చూద్దాం. 1995లో హైదరాబాదు కట్టడాల రక్షణకి నిబంధన వచ్చింది. 2015లో దాన్ని తీసేశారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. అయినా 2019లో ఇర్రంమంజిల్‌ని కూల్చి శాసనసభ కడతామన్నప్పుడు హైకోర్టు అడ్డుకుంటేగాని అది ఆగలేదు. జాబితాలో ఉన్నవాటికే ఈ గతి. జాబితాకే ఎక్కని స్త్రీల స్థలాల మాటేమిటి? మాడపాటి హనుమంతరావు 1928లో నారాయణగూడలో పెట్టిన తెలుగు బాలికల పాఠశాలలాంటివి గోపురాలు లేవు కాబట్టి వారసత్వం కాకుండా పోతాయా?

1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరకి వెళ్ళి వాళ్ళ మాటల్లోనే చరిత్ర రాసింది. భవనాల విషయంలోనూ ఆ పని చెయ్యాలి. 1950లలో కోఠీ కాలేజీలో చదివినవారికి ఇప్పుడు తొంభై ఏళ్ళకి అటూ ఇటూ. వాళ్ళు ఏ గదిలో కూర్చున్నారు, పరదా ఎప్పుడు పోయింది, ఎవరితో స్నేహం చేశారు, ఎవరిని పక్కన కూర్చోనివ్వలేదు, ఇవన్నీ ఇప్పుడే అడగాలి. పగిలిన స్తంభాన్ని పదేళ్ళ తర్వాతైనా అతికించవచ్చు. ఈ జ్ఞాపకాలకు అంత వ్యవధి లేదు.