గాలానికి ముందు గేజ్

ఉత్తర వర్జీనియాలో ఆష్‌బర్న్, హెర్న్‌డన్, షాంటిలీ వైపు కొత్తగా గాలం పట్టిన తెలుగువాళ్లు మొదట అడిగేది ఒకటే: "స్మాల్‌మౌత్ బాస్ ఎక్కడ పడుతుందండీ?" ఆ చేప వెంట ఏళ్ల తరబడి తిరిగినవాళ్లు సూటిగా జవాబు చెప్పరు. పెద్ద నదుల పేర్లు చెబుతారు, చిన్న వాగుల పేర్లు దాటేస్తారు. ఇది పిసినారితనమని చాలామంది నొచ్చుకుంటారు. నాకైతే ఇందులో న్యాయమే కనిపిస్తుంది. పొటోమాక్ నది ఎందరి గాలాలనైనా మోస్తుంది. ముప్పై అడుగుల వెడల్పు లేని వాగులో పెద్ద చేపలు పట్టుమని పది ఉంటే గొప్ప. ఈ నీళ్లలో 18 అంగుళాలకు ఎదిగిన చేపకు పదేళ్ల వయసు ఉండొచ్చు. ఊరి నోట్లో పడిన వాగు ఒక్క వేసవిలో ఖాళీ అయిపోతుంది. అందుకే ఇక్కడి పాతకాపులు చోటు చెప్పరు, చోటు కనిపెట్టే పద్ధతి నేర్పుతారు.

నిజానికి ఈ చేప పొటోమాక్‌కు వలస వచ్చిందే. దాని పుట్టిల్లు ఆపలేషియన్ కొండల అవతల, ఒహాయో నది, గ్రేట్ లేక్స్ ప్రాంతం. 1853లో బాల్టిమోర్ అండ్ ఒహాయో రైలుమార్గం కొండలు దాటి వీలింగ్‌కు చేరింది. మరుసటి ఏడాదే ఆ ఊరి ష్రైవర్ అనే పెద్దమనిషి కొన్ని చేపల్ని చిల్లుల బకెట్‌లో వేసి, ఆ బకెట్‌ను రైలింజను నీళ్ల ట్యాంకులో వేలాడదీసి, మేరీలాండ్‌లోని కంబర్లాండ్ దాకా తెచ్చాడు. అక్కడి కాలువలో వదిలాడు. కాలువ లోంచి నదిలోకి, నదిలోంచి ఉపనదుల్లోకి అది తన దారి తానే చూసుకుంది.

ఇక వెతకడం సంగతి. కారులో గంట, గంటన్నర దూరం అనుకుని మ్యాప్ ముందేసుకోండి. కొండ నెత్తిన పారే చల్లని నీళ్లు ట్రౌట్‌వి. ఆటుపోట్లు తగిలే నిదానపు నీళ్లు, బురద అడుగు లార్జ్‌మౌత్‌కు ఇష్టం. స్మాల్‌మౌత్ ఈ రెంటికీ నడుమ ఉంటుంది: వేసవిలో వెచ్చబడే నీరు, ఆగకుండా పారే వాలు, అడుగున గులకరాయి, బండరాయి. పొటోమాక్ మీద లిటిల్ ఫాల్స్, రాపహానక్ మీద ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర ఆటుపోటు ఆగిపోతుంది. మీ వెతుకులాట అక్కడి నుంచి ఎగువకే. ఫ్రంట్ రాయల్ దగ్గర కలిసే షెనండోవా నది రెండు పాయలూ, ఫ్రెడరిక్ పక్కనుంచి వచ్చే మొనోకసీ, రాపహానక్ ఎగువ భాగం – ఇవన్నీ ఆ నడిమి పట్టీలోనివే. వీటి పేర్లు చెప్పడానికి నాకు సంకోచం లేదు, అందరికీ తెలిసినవే.

పట్టీ దొరికాక ఉపగ్రహ చిత్రం తెరవాలి. తెల్లటి నురుగు గీతలు కనిపించిన చోట నీరు రాళ్ల మీద లోతు లేకుండా దూకుతోంది. దాని కింద ముదురు రంగు మరక ఉంటే అది మడుగు. నురుగు, మడుగు, మళ్లీ నురుగు – ఈ వరస ఎంత దగ్గర దగ్గరగా ఉంటే ఆ నీళ్లు అంత మంచివి. రొయ్యను పోలిన క్రేఫిష్ ఆ రాళ్ల సందుల్లోనే ఉంటుంది, స్మాల్‌మౌత్‌కు అన్నిటికన్నా ఇష్టమైన తిండి అదే. మైళ్ల కొద్దీ ఒకే రంగులో, నురుగు లేకుండా సాగే నీళ్లుంటే కింద ఆనకట్ట ఉందేమో చూసుకోండి.

కారు తాళం తీసేముందు చూడాల్సింది గేజ్. శ్రీశైలం, సాగర్ ఇన్‌ఫ్లోలు పేపర్లో చదువుతూ పెరిగిన మనకు ఇది కొత్త విద్యేం కాదు. అమెరికా భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ నదుల పొడవునా కొలత కేంద్రాలు నడుపుతుంది. లూరే, ఫ్రంట్ రాయల్, స్ట్రాస్‌బర్గ్, రెమింగ్‌టన్, పాయింట్ ఆఫ్ రాక్స్ దగ్గర నీరెంత పారుతోందో ఆన్‌లైన్‌లో ఎప్పటికప్పుడు కనిపిస్తుంది. లెక్క సెకనుకు ఇన్ని ఘనపుటడుగులని, అంటే మన క్యూసెక్కులే. అంకె ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. అదే తేదీకి ఏళ్ల తరబడి నమోదైన మధ్యస్థ విలువ పక్కనే ఉంటుంది, దానితో పోల్చాలి. దానికి దగ్గరగా ఉండి గీత మెల్లగా దిగుతుంటే బయల్దేరండి. నిట్టనిలువుగా లేచిందంటే ఎగువన వాన పడింది, నీరు ఎర్రగా ఉంటుంది, కాలు నిలవదు. మీ తలమీద ఎండ కాస్తున్నా సరే, ఆ గీతనే నమ్మాలి.

నీళ్లు మంచివైతే చాలదు, దిగే హక్కు ఉండాలి. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. వర్జీనియాలో కొన్ని చోట్ల నది అడుగు కూడా ప్రైవేటు సొత్తు. జాక్సన్ నది మీద ఇంగ్లండు రాజు 18వ శతాబ్దంలో ఇచ్చిన పట్టాలు ఇంకా చెల్లుతాయని, అక్కడ చేపలు పట్టకుండా ఆపే హక్కు భూయజమానులకు ఉందని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పింది. కాబట్టి వంతెన కనిపించింది కదా అని కారు ఆపేయకండి. వన్యప్రాణి శాఖ ప్రకటించిన పడవల రేవులు, స్టేట్ పార్కులతో మొదలుపెట్టండి.

ఈ విషయంలో పొటోమాక్ మేరీలాండ్ ఒడ్డు మనకు దొరికిన వరం. జార్జ్‌టౌన్ నుంచి కంబర్లాండ్ వరకు 184.5 మైళ్ల పాత చెసపీక్ అండ్ ఒహాయో కాలువ గట్టు 1971 నుంచి జాతీయ చారిత్రక పార్కు. ఆ గట్టు వెంట సైకిల్ మీద వెళ్లి, నచ్చిన నురుగు దగ్గర దిగిపోవచ్చు. లీస్‌బర్గ్ వైపు నుంచి వైట్స్ ఫెర్రీలో నది దాటే సౌకర్యం 2020 డిసెంబరులో ఆగిపోయాక పాయింట్ ఆఫ్ రాక్స్ వంతెన మీదుగా తిరిగి వెళ్లడం అలవాటు చేసుకున్నారు జనం. గ్రేట్ ఫాల్స్ పార్కులో మాత్రం నీళ్లలో కాలు పెట్టడమే నిషేధం. పైకి ప్రశాంతంగా కనిపించే ఆ నీరు ఎందరి ప్రాణాలో తీసింది.

సామాను గురించి షాపువాళ్లు చెప్పినంత కథ లేదు. ఆరడుగుల పైచిలుకు తేలికపాటి రాడ్డు, స్పిన్నింగ్ రీల్, ఆరు లేదా ఎనిమిది పౌండ్ల దారం, క్రేఫిష్‌లా కనిపించే రబ్బరు ఎరలు నాలుగు చాలు. ఫ్లై ఫిషింగ్ చేసేవాళ్లకు క్లౌజర్ మిన్నో ఉండనే ఉంది. సస్క్వెహానా నది స్మాల్‌మౌత్‌ల కోసమే 1980లలో బాబ్ క్లౌజర్ కట్టిన ఆ ఎరను ఇప్పుడు సముద్రాల్లోనూ వాడుతున్నారు. దానికి ఆ పేరు పెట్టిన ఫ్లై ఫిషింగ్ రచయిత లెఫ్టీ క్రే ఫ్రెడరిక్‌లో పుట్టి మొనోకసీ ఒడ్డున చేపలు పడుతూ పెరిగినవాడే. బండ వెనక, వేగపు నీరు నిదానపు నీటిని ఒరుసుకునే అంచు మీద ఎర వేసి, ప్రవాహంతో పాటు అడుగున దొర్లనివ్వండి. ఎండాకాలం తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ వెళ్లడం మేలు.

వసంతంలో కాస్త ఓపిక పట్టాలి. నీరు 15, 16 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి రాగానే మగచేప గులకరాళ్లు ఊడ్చి గూడు చేస్తుంది, ఆడచేప గుడ్లు పెట్టి వెళ్లిపోయాక తానే కాపలా కాస్తుంది. మన కొర్రమీను పిల్లల్ని కాసినట్టే. దాన్ని గూటి మీద నుంచి లాగేస్తే పక్కనే కాచుకున్న చిన్న చేపలు గుడ్లు తినేస్తాయి. మేరీలాండ్‌లో ఆటుపోట్లు లేని నీళ్లలో మార్చి 1 నుంచి జూన్ 15 దాకా పట్టిన బాస్‌ను వదిలేసి తీరాలన్న నియమం అందుకే.

చివరగా పులుసు ప్రశ్న. షెనండోవా దక్షిణ పాయ చేపను వండుకోవద్దు. వేన్స్‌బరోలోని డుపాంట్ కర్మాగారం నుంచి 1929, 1950 మధ్య నదిలోకి చేరిన పాదరసం ఇంకా ఆ చేపల ఒంట్లో ఉంది. గర్భిణులు, పిల్లలు అసలు తినకూడదని ఆరోగ్య శాఖ హెచ్చరిక అమల్లో ఉంది. పదహారేళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ లైసెన్సు తీసుకోండి, పట్టిన చేపను తడిచేత్తో వదిలేయండి, పులుసుకు కావాల్సింది బజారులో కొనుక్కోండి.