ఇంటిచదువు - అందరి చదువు

బిడ్డల్ని బడికి పంపకుండా ఇంట్లోనే పాటతో, బొమ్మతో, నాటకంతో, మట్టిపనితో పెంచాలనే విద్యావాదం ఒకటి మన నగరాల్లోని కొన్ని విద్యావంతుల ఇళ్ళలో వినవస్తున్నది. దీన్ని కలిగినవారి సరదా అని కొట్టిపారెయ్యటం తేలిక. కాని అది విమర్శ కాదు. ఈ వాదం బడిమీద మోపుతున్న నేరంలో నిజమెంత వున్నదో, అది చూపుతున్న మార్గం ఎక్కడికి పోతున్నదో విడదీసి చూడాలి.

నేరం నిజమే. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చాలాచోట్ల బడి ర్యాంకుల కార్ఖానా అయికూర్చున్నది. పాటకూ ఆటకూ కేటాయించిన పీరియడ్లను లెక్కలు మింగేస్తున్నాయి. రవీంద్రుడు 1918లోనే 'తోతాకాహిని' కథలో ఈ చదువును ఎండగట్టాడు. చిలుకకు విద్య నేర్పే నెపాన బంగారు పంజరం చేయించి, దాని నోట్లో పుస్తకాల కాగితాలు కుక్కుతారు. చివరికి చిలుక చచ్చిపోతుంది. బాగుపడింది దాని చుట్టూ చేరిన ఉద్యోగులు. ఆ కథ నేడు మనకు కథగా కనిపించకపోవటమే మన దౌర్భాగ్యం.

అయితే పంజరం చెడ్డదైతే చేయవలసిన పని ఏమిటి? తన చిలుకను మాత్రం విడిపించుకుని ఇంటికి తెచ్చుకోవటమా? పంజరాన్నే విరగ్గొట్టటమా? అసలు ప్రశ్న ఇదే.

ఇంటిచదువువారు తరచు ఉదహరించే వాల్డార్ఫ్ పద్ధతి పుట్టుకను చూద్దాం. అక్షరాన్ని బొమ్మలోనుంచి పుట్టించటం, కథతో పాఠం మొదలుపెట్టటం, అల్లికనూ చెక్కపనినీ చదువులో భాగం చేయటం దాని ముఖ్య లక్షణాలు. ఆ 'వాల్డార్ఫ్' అన్నది ఒక సిగరెట్ల ఫ్యాక్టరీ పేరు! మొదటి ప్రపంచయుద్ధంలో ఓడి, 1918 విప్లవంతో అట్టుడికిన జర్మనీలో, 1919 సెప్టెంబరులో, స్టుట్‌గార్ట్ నగరంలో ఆ ఫ్యాక్టరీ అధిపతి ఎమిల్ మోల్ట్ కోరగా రుడాల్ఫ్ స్టైనర్ ఆ బడిని ఆరంభించాడు. తొలి విద్యార్థుల్లో ఎక్కువమంది ఆ ఫ్యాక్టరీ శ్రామికుల బిడ్డలే. ఆడపిల్లలూ మగపిల్లలూ ఒకే గదిలో కూచున్నారు. స్టైనర్ ఆధ్యాత్మిక సిద్ధాంతాన్ని మనం అంగీకరించనక్కర లేదు. కాని అతని బడి ఒంటరి ఇంటికోసం పుట్టలేదన్నది చరిత్ర. కార్మికుడి బిడ్డకోసం పుట్టిన పద్ధతి నేడు తీరికా డబ్బూ వున్న ఇంటికి సొంత ఆస్తి కావటం గమనించదగ్గ విషయం.

ఇక్కడ రెండు ప్రయాణాలను పోల్చి చూడవచ్చు. అమెరికాలో జాన్ హోల్ట్ బడిపంతులుగా మొదలై, పిల్లలు బడిలో భయంవల్ల ఎట్లా మొద్దుబారుతున్నారో 1964లో 'హౌ చిల్డ్రన్ ఫెయిల్' గ్రంథంలో చూపాడు. తరవాత బడులు బాగుపడతాయన్న ఆశే వదులుకుని, 1977లో ఇంటిచదువుకోసం ఒక పత్రిక పెట్టాడు. అతనిది బడినుంచి ఇంటికి ప్రయాణం. రవీంద్రుడిది దీనికి ఎదురు. జొరాసాంకో భవంతిలో పుట్టి, బడి సరిపడక, గురువులనే ఇంటికి పిలిపించుకున్న జమీందారీ కుటుంబపు బిడ్డ అతడు. తనకు దక్కిన ఆ భాగ్యాన్ని ఇంట్లో దాచుకోలేదు. 1901లో శాంతినికేతనంలో బడి పెట్టాడు. అంతటితో తృప్తిపడక, 1924లో పేద పల్లెబిడ్డలకోసం 'శిక్షాసత్ర' తెరిచాడు. హోల్ట్ నిరాశను మనం అర్థం చేసుకోవచ్చు. అనుసరించవలసింది మాత్రం రవీంద్రుణ్ణి.

పైగా మన దేశంలో ఇంటిచదువు కొత్తదేమీ కాదు. పండితుడి కొడుకు పండితుడూ, సాలె కొడుకు సాలె అయ్యింది ఇంటిచదువువల్లనే. కులం విద్యను కాపలా కాసింది గడపదగ్గరే. మగ్గం గుంటలో కూచున్న బిడ్డ రంగూ, లెక్కా, ఓర్పూ అన్నీ నేర్చాడు. దాన్ని సమగ్రవిద్య అని ఎవరూ మెచ్చుకోలేదు, ఆ గుంటలోనుంచి బయటికి దారీ చూపలేదు. ఆడపిల్లకు ఇల్లే లోకమన్న కాలంలో, 1874లో ధవళేశ్వరంలో వీరేశలింగం బాలికల పాఠశాల పెట్టటం ఒక తిరుగుబాటు. గిడుగు రామమూర్తి సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే పుస్తకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు నడిపించాడు. వీరికి బడి అంటే గడప దాటటం.

మరొక సంగతి. ఇంటిచదువు అంటే ఇంట్లో ఎవరో ఒకరు జీతంలేని ఉపాధ్యాయులు కావాలి. ఆ ఒకరు సాధారణంగా తల్లే. కూలికి పోయే తల్లికి ఆ అవకాశం లేదు. ఉద్యోగం చేసే తల్లి దాన్ని వదులుకోవాలి. బిడ్డ స్వేచ్ఛకు తల్లి స్వేచ్ఛ మూల్యమా? ఇక ఎంత ప్రేమగల ఇల్లయినా తనదికాని యాసను, తనదికాని ఆకలిని బిడ్డ పక్కన కూచోబెట్టలేదు. నాటకం ఒంటరిగా ఆడేది కాదు, బృందగానం ఒక్క గొంతుతో రాదు.

బడిలో గాయపడిన బిడ్డను కొంతకాలం ఇంట వుంచుకునే తలిదండ్రులను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. అది ఆశ్రయం. కాని ఆశ్రయాన్ని ఆదర్శంగా చాటటం వేరు. చదువుకున్నవారు ఒక్కొక్కరే తమ బిడ్డతో తప్పుకుంటే, ప్రశ్నించే గొంతు కరువై, మిగిలిన బడి మరింత పాడవుతుంది.

6 నుండి 14 ఏళ్ళ బిడ్డలకోసం చేసిన 2009 విద్యాహక్కు చట్టం బిడ్డకు భయమూ ఆందోళనా లేని చదువు కావాలన్నది. పనులద్వారా, అన్వేషణద్వారా నేర్పాలన్నది. 100 మందికి మించిన పిల్లలున్న బడిలో ఆరునుంచి ఎనిమిదో తరగతివరకు చిత్రకళాదులకు, వ్యాయామానికి, పనివిద్యకు బోధకులుండాలని దాని అనుబంధంలోనే వున్నది. మన వూరి బడిలో ఆ బోధకుడున్నాడా? లేకపోతే ఎందుకు లేడు? విద్యార్థి సంఘాలూ, ఉపాధ్యాయ సంఘాలూ అడగవలసిన ప్రశ్న ఇది. డప్పు కళాకారుడూ, కుమ్మరీ, బుర్రకథకుడూ గౌరవ వేతనంతో బడి మెట్లెక్కాలి. రంగు పెన్సిలు అందరి బిడ్డల చేతికీ అందాలి. అప్పుడే అది కళావిద్య. అంతవరకు అది కొందరి ఇంట్లో అలంకారం మాత్రమే.