నిద్రకు కాపలా

గుండెకు తీసే ఎకో స్కాన్‌లో సూది లేదు, నొప్పి లేదు. కాస్త జెల్లీ రాసి ఎదమీద ప్రోబ్ ఆనిస్తారు, అంతే. “మరి ఇంత పసిబిడ్డకు మత్తెందుకమ్మా?” అని శ్రీకాళహస్తి నుంచి వచ్చిన అవ్వలు నన్ను నిలదీస్తారు. అడగాల్సిన మాటే. ఎకో గది నర్సుగా దానికి జవాబు చెప్పడం నా పనిలో భాగమే అనుకుంటాను.

2021 అక్టోబరులో తిరుపతిలో తితిదే శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం తెరిచాక పిల్లల గుండె వైద్యం శ్రీకాళహస్తికి నలభై కిలోమీటర్ల లోపుకొచ్చింది. అంతకుముందు చాలామంది వేలూరుకో చెన్నైకో బిడ్డనెత్తుకుని పోయేవాళ్లు. ఆపరేషన్ ఎక్కడ చేసినా మొదటి మెట్టు ఎకోనే.

పుట్టుకతో వచ్చిన లోపాన్ని పూర్తిగా చూడాలంటే అరగంటో ముప్పావుగంటో బిడ్డ కదలకూడదు. పక్కటెముకల కింద ప్రోబ్ నొక్కేటప్పుడు పొట్ట మెత్తగా ఉండాలి. బృహద్ధమని వంపు కనబడాలంటే మెడ వెనక్కి వాలాలి. ఏడాదిన్నర పిల్లవాడు తన్నుకుంటూ ఏడుస్తుంటే ఇవేవీ కుదరవు. పైగా ఏడుపులో ఊపిరితిత్తుల రక్తనాళాల ఒత్తిడి ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఆ అంకె మీద ఆపరేషన్ నిర్ణయం ఆధారపడి ఉంటుంది మరి.

అలాగని అందరికీ మందు పోయడం నాకు సమ్మతం కాదు. నెలల పసికందుకు పాలిచ్చి, గుడ్డలో చుట్టి, లైటు తగ్గిస్తే చాలాసార్లు సరిపోతుంది. మూడేళ్లు దాటినవాళ్లు ఫోన్లో బొమ్మలు చూస్తూ పడుకుంటారు. చిక్కంతా ఈ రెండు వయసుల మధ్య పిల్లలతోనే. వాళ్లకు బరువు చూసి ట్రైక్లోఫాస్ సిరప్ తాగిస్తారు, లేదా ముక్కులో డెక్స్‌మెడెటోమిడిన్ తుంపర కొడతారు. రెండోది సహజ నిద్రకు దగ్గరగా ఉంటుంది, ఊపిరిని పెద్దగా అణచదు, కానీ గుండె వేగాన్ని తగ్గిస్తుంది. ఎవరికి ఏదన్నది డాక్టరు తేల్చాలి.

కళ్లు మూతపడగానే మెడలో తాయెత్తును భుజం మీదికి జరుపుతాను, తెంపను. కాలి బొటనవేలికి ఆక్సిజన్ క్లిప్పు పెట్టినా, నా చూపు పొట్ట ఎగసిపడే తీరు మీదే ఉంటుంది. స్కాన్ అయిపోయాక ఇంకా జాగ్రత్త కావాలి. ప్రోబ్ ఒత్తిడి పోగానే బిడ్డ మరింత గాఢంగా నిద్రపోవచ్చు. తల్లి ఒళ్లోకి తీసుకుంటే గడ్డం ఎదకు ఆనుకుని గాలిదారి మూసుకోవచ్చు. లేచి, అమ్మను గుర్తుపట్టి, గుటక వేసేదాకా వార్డుకు పంపను.

ఇక పస్తు సంగతి. మందుకు ముందు తల్లిపాలు 4 గంటలు, పోతపాలు 6 గంటలు ఆపాలి. నీళ్లు 2 గంటల ముందు దాకా పట్టొచ్చు. వార్డుల్లో మాత్రం “రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దు” అని ఒక్క మాట అనేస్తారు, వంతేమో మధ్యాహ్నానికి వస్తుంది. ఆకలితో గుక్కపట్టి ఏడ్చే బిడ్డను నిద్రపుచ్చడం కష్టం. గుండె లోపంతో ఒళ్లు నీలంగా మారే పిల్లలకైతే ఒంట్లో నీరు తగ్గి రక్తం చిక్కబడుతుంది, ఏడుపుతో ఆక్సిజన్ ఉన్నట్టుండి పడిపోతుంది. పస్తున్న పసివాళ్ల పేర్లు జాబితాలో పైన ఉండాలి. ఆలస్యమయ్యేలా ఉంటే ఎకో గది నుంచే వార్డుకు ఫోన్ చేసి, ఇంకెంతసేపటి దాకా నీళ్లు పట్టొచ్చో తల్లికి టైముతో సహా చెప్పాలి.