బేవార్సు ఎవరి మాట?

"తిట్లన్నీ మీ భాష నుంచే వచ్చాయి కదా భాయ్!" నేను డెస్కులో కొత్తగా చేరిన రోజుల్లో ఒక సహోద్యోగి నవ్వుతూ అన్న మాట ఇది. హరామీ, బద్మాష్, బేవార్సు అంటూ వేళ్ళు కూడా మడిచాడు. పొద్దస్తమానం తెలుగు వార్తలు దిద్దే నాకు 'మీ భాష' ఏదో ఆయనే తేల్చేశాడు. ఆ రోజు జవాబు తోచలేదు.

బేవార్సు పుట్టుకతో తిట్టు కాదు. 'బే' ఫారసీ, లేని అని అర్థం. 'వారిస్' అరబీ, ఆస్తికి హక్కుదారు. హక్కుదారు లేని ఆస్తి బేవారిస్. కచేరీ కాగితాల్లో పనికొచ్చే పొడి మాట. దస్తావేజు, వకీలు, జామీను వచ్చిన దారినే తెలుగులోకి వచ్చింది. ఆస్తికి దిక్కులేదన్న మాట మెల్లగా మనిషికి దిక్కులేదన్న మాటయింది. దిక్కులేనివాడు అడిగే నాథుడు లేనివాడయ్యాడు, ఆపైన పనీపాటా లేక తిరిగేవాడయ్యాడు. చివరికి తండ్రెవరో తెలియనివాడన్న బూతు కూడా అందులో చేరింది. కన్నడంలో 'బేవర్సి' ఇంకా ఘాటు. మనవాళ్ళు దానికి 'నా కొడకా' తగిలిస్తారు. నా కొడుకువే అన్నాక వాడు దిక్కులేనివాడెట్లా అవుతాడో తిట్టేవాడే చెప్పాలి.

మరి వారసుడు? వారసత్వం? అవీ ఆ అరబీ 'వారిస్' బిడ్డలే. రెండోది కొసన సంస్కృతపు 'త్వం' తొడుక్కుంది, అంతే. సాంస్కృతిక వారసత్వం, సాహిత్య వారసత్వం అంటూ శాలువాలు కప్పుకున్న పెద్దలు వేదికల మీద ఈ మాటను ఎంత నిండుగా పలుకుతారో! అప్పుడెవరూ 'మీ భాష' అని వేలు మడవరు. ఒకే తల్లి కన్న మాటల్లో ఒకటి తెలుగుదై పోయింది, ఇంకొకటి తురకదిగా మిగిలింది. సినిమాల్లో ఈ పంపకం ఇంకా బాహాటం. వారసత్వం కథానాయకుడి వంశానికి, బేవార్సు పాతబస్తీ యాస మాట్లాడే రౌడీకి.

మేమూ తక్కువ తినలేదు. ఉర్దూ ఇళ్ళలో 'లావారిస్' అంటాం. 1981లో వచ్చిన అమితాబ్ సినిమా 'లావారిస్' కథంతా పుట్టుక మచ్చ చుట్టూనే తిరుగుతుంది. అల్లా పేర్లలో 'అల్ వారిస్' ఒకటి. ఆ పేరు కొడుక్కి పెట్టుకున్న ఇంట్లోనే పక్కింటి పిల్లాణ్ణి లావారిస్ అనడం నా చెవులతో విన్నాను.

ఒక్కచోట మాత్రం ఆ మాటలో నింద వినపడదు. మార్చురీలో ఎవరూ రాని ముస్లిం శవం ఉందని తెలిస్తే, 'లావారిస్ మయ్యత్ ఉందట' అని బస్తీలో కబురు తిరుగుతుంది. జనాజా నమాజు, ఖననం ఫర్జె కిఫాయా. కొందరు చేస్తే అందరి బాధ్యతా తీరుతుంది, ఎవరూ చేయకపోతే పాపం అందరిదీ. మా బస్తీలో ఒకసారి చందాలు వేసి కఫన్ కొన్నారు. చనిపోయినవాడి ముఖమైనా ఎరగనివాళ్ళు భుజం పట్టారు. ఖబరస్తాన్‌లో రిజిస్టరు తెరిచి "వారిస్ ఎవరు?" అని అడిగితే, ముందు నిలబడ్డ రిక్షా కార్మికుడు తన పేరు చెప్పి రాయించాడు.