నెమలికంఠం రంగు ఎక్కడుంది?

ఉప్పాడలో మగ్గం ఉన్న ఏ ఇంట్లోనైనా నెమలికంఠం చీర అడిగి విప్పించండి. ఎదురుగా పట్టుకుంటే నీలంగా ఉంటుంది. కొస పట్టుకుని కాస్త వాలిస్తే ఆకుపచ్చ తేలుతుంది. కుచ్చిళ్ల మడతల్లో రెండూ కాని వన్నె ఒకటి కదులుతూ ఉంటుంది. తీరా మగ్గం దగ్గరికి వెళ్లి వెతికితే ఆ రంగు దారం ఒక్కటీ దొరకదు. పడుగు నీలం, పేక ఆకుపచ్చ. అంతే.

ఎండలో ఊదా మొదలు ఎరుపు దాకా అన్ని రంగులూ ఉన్నాయి. అలల నిడివి కొలిస్తే సుమారు 400 నుంచి 700 నానోమీటర్లు. బట్ట గానీ పువ్వు గానీ తనంత తాను రంగును వెదజల్లదు. మీద పడిన వెలుగులో కొంత మింగి, మిగిలింది వెనక్కి పంపుతుంది. మనం రంగు అంటున్నది ఆ మిగులునే. పసుపు ఊదా, నీలం భాగాలను మింగుతుంది కాబట్టి పసుపుగా కనిపిస్తుంది. ఆ పసుపు నీళ్లలోనే కాస్త సున్నం కలిపితే దిష్టి తీసే ఎర్రనీళ్లవుతాయి. ఎర్రటిదేదీ అందులో వేయలేదు. సున్నం క్షారం. పసుపులోని కర్క్యుమిన్ అణువు నుంచి అది ప్రోటాన్లను లాగేస్తుంది, అణువులో ఎలక్ట్రాన్ల అమరిక మారుతుంది, దాంతో అణువు ఆకుపచ్చ వెలుగును కూడా మింగడం మొదలుపెడుతుంది. ఇక మిగిలేది ఎరుపే.

మన అద్దకం పనివారికి ఈ కిటుకు చిరివేరుతో తెలుసు. పటిక పట్టించిన నూలుకు ఆ వేరు ఎరుపునిస్తుంది, ఇనుము పట్టించిన నూలుకు ఊదా నుంచి నలుపు దాకా ఇస్తుంది. వేరు ఒకటే, దానితో జతకట్టిన లోహం వేరు. ఉప్పాడ నుంచి పిఠాపురం దాటి వెళ్తే వచ్చే సామర్లకోటలో 1781 నుంచి 1793 దాకా పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ ఈ చిరివేరును శ్రద్ధగా పరిశీలించాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన గ్రంథం 1795లో వెలువడడం మొదలైంది. అంకుడు చెట్టు ఆకుల నుంచి నీలిమందు తీయవచ్చని కూడా ఆయన రాశాడు. చిరివేరులోని రంగు పదార్థం అలిజరిన్‌ను 1868లో జర్మనీలో ప్రయోగశాలలో తయారు చేశారు. ఆ తర్వాత వేళ్లు తవ్వేవారి అవసరం క్రమంగా తగ్గిపోయింది.

ఇప్పుడు పట్టు సంగతి. ముడి పట్టు మీద బంక ఉంటుంది. సబ్బు, సోడా వేసిన నీళ్లలో ఉడకబెట్టి ఆ బంక వదిలిస్తేనే పోగు మెత్తబడి మెరుపు తేలుతుంది. లోపలి పోగు నున్నగా, ఇంచుమించు మూడు పలకలుగా ఉంటుంది. దాని పైతలం నుంచి నేరుగా తిరిగొచ్చే వెలుగు తెల్లనిదే, అదే మెరుపు. పోగు లోపలికి దిగి, అద్దకం అణువులను తాకి, మళ్లీ బయటికి వచ్చిన వెలుగు మాత్రమే రంగు. తొట్టిలోంచి తీసిన తడి చిలప ముదురుగా కనిపిస్తుంది. పోగుల సందుల్లో గాలికి బదులు నీరు నిండి ఉంటుంది కాబట్టి వెలుగు చెదిరి తిరిగిరాకుండా లోతుకు వెళ్లి ఎక్కువగా మింగుడుపడుతుంది. అందుకే అనుభవం ఉన్నవారు తడి మీద తీర్పు చెప్పరు. ఆరబెట్టి, ఎండలో చూసి, అప్పుడు సరేనంటారు.

అసలు విశేషం తొట్టికీ మగ్గానికీ ఉన్న తేడాలో ఉంది. నీలం అద్దకం ఎరుపు, పసుపులను మింగి నీలాన్నీ కొంత ఆకుపచ్చనూ వదులుతుంది. పసుపు అద్దకం నీలాన్ని మింగి తక్కినవి వదులుతుంది. రెండూ ఒకే దారంలోకి దిగితే రెండింటికీ ఉమ్మడిగా మిగిలేది ఆకుపచ్చ ఒక్కటే. అదే నీలం దారం పడుగుగా, పసుపు దారం పేకగా నేస్తే దేని మిగులు దానిదే. దారాలు మన చూపుకు విడివిడిగా అందనంత సన్నం కాబట్టి రెండు మిగుళ్లూ కంట్లో కలుస్తాయి. వచ్చేది ఆకుపచ్చ కాదు, పాలిపోయిన బూడిద వన్నె. ఎరుపు, ఆకుపచ్చ తొట్టిలో కలిస్తే నలుపుకు దగ్గరవుతాయి, మగ్గం మీద కలిస్తే రాగి వన్నె పలుకుతుంది. తొట్టిలో రంగులు ఒకదాని వెలుగును ఒకటి తగ్గిస్తాయి. మగ్గం మీద పక్కపక్కన బతుకుతాయి. నేతలో ఇంతకంటే అందమైన సంగతి నాకు తెలియదు.

నెమలికంఠానికి మరో అదనం ఉంది. నున్నటి పట్టు దారం తన మెరుపును ముఖ్యంగా పక్కలకు చిమ్ముతుంది, పొడవునా కాదు. పడుగు, పేక ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి కనుక బట్ట తిరిగేకొద్దీ ఒకసారి దీని వన్నె, ఒకసారి దాని వన్నె పైచేయి అవుతుంది. నిజం నెమలి మెడది వేరే దారి. ఈకల్లో నీలం రంగు పదార్థమే లేదు. నల్లటి మెలనిన్ కణికలు వరుసలు తీరి ఉంటాయి, వాటి మధ్య దూరాన్ని బట్టి కొన్ని నిడివుల అలలు బలపడి తిరిగొస్తాయి. నెమలి రంగులకు కారణం పలుచని పొరలని న్యూటన్ 1704 నాటి ‘ఆప్టిక్స్’లోనే ఊహించాడు.

ఉప్పాడలో చీరల మీద బుటాలు నేసే తీరు జమ్దానీ. ఉప్పాడ జమ్దానీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒక్కో బుటాకు ఒక్కో చిన్న కండె పెట్టి, ఆ బుటా మేరకే దారాన్ని చేత్తో తిప్పి నేస్తారు. వెనక వేలాడే పోగులుండవు, రెండు వైపులా ఒకే తీరు. అందువల్ల వెలుగుకు ఎదురుగా పట్టినా నేల రంగు మీద అడ్డపోగుల నీడ పడదు. జరీ బుటా అయితే లెక్క మారుతుంది. బంగారం పైతలమే నీలాన్ని మింగుతుంది, కాబట్టి దాని మెరుపే పసుపు. పక్క రంగు ప్రభావాన్ని కూడా నేసేవారు చూసుకోవాలి. పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో 1824 నుంచి అద్దకాల విభాగం చూసిన షెవ్రల్ దగ్గరికి నలుపు దారం సరిగా నల్లగా లేదని ఫిర్యాదులొచ్చాయి. అద్దకంలో లోపం లేదు, పక్కనున్న నీలం, ఊదాలు నలుపును వెలవెలబోయేలా చేశాయని ఆయన తేల్చి 1839లో పెద్ద గ్రంథమే రాశాడు.

మరమగ్గం మీద కూడా రెండు రంగుల పడుగు, పేక నేయవచ్చు, ఆ వన్నె వస్తుంది. చేత్తో పెట్టిన బుటా మాత్రం రాదు. అచ్చు వేసిన ‘నెమలికంఠం’ అయితే ఎంత వాల్చినా మారదు, దాన్ని ఆ పేరుతో అమ్మడం అన్యాయం. కొనేవారు చీరను దుకాణం గుమ్మం దాకా తెచ్చి ఎండలో చూడడం చాదస్తం కాదు. ట్యూబులైటు వెలుగులో కొన్ని నిడివుల అలలు ఎక్కువ, కొన్ని తక్కువ. అక్కడ చక్కగా కలిసిన చీర, రవికె బయట వేరుపడవచ్చు.

పడుగు ఒక రంగు, పేక ఒక రంగు పెట్టి నేసే ఇంటికి లాభమూ ఉంది. మగ్గానికి ఒకసారి నీలం పడుగు ఎక్కిస్తే, ఆకుపచ్చ పేకతో నెమలికంఠం దిగుతుంది, ఎరుపు పేకతో వంకాయ రంగు దిగుతుంది. పడుగు విప్పనక్కర లేదు, నాడెలో కండె మారిస్తే చాలు.